ఏటి లోయలో కాడో జాతి ఆనవాళ్లు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, టెక్సాస్ రాష్ట్రపు ఈశాన్య భాగాన బిగ్ సైప్రస్ అనే ఏరు ప్రవహించి, లూసియానా సరిహద్దున ఉన్న కాడో సరస్సులో కలుస్తుంది. ఆ సరస్సుకు పేరిచ్చిన కాడో జాతివారు, ఐరోపావారి రాకకు పూర్వమే ఈ లోయలో మొక్కజొన్న పండిస్తూ, గడ్డి కప్పిన గుండ్రని ఇండ్లలో స్థిరనివాసం ఏర్పరచుకున్నారు. వారికి లిపి లేదు. అందుచేత వారి పూర్వచరిత్రకు ముఖ్యాధారాలు వారి మట్టిపాత్రలే.

కాడో కుమ్మరులు సారె ఎరుగరు. మట్టిలో పాత పెంకుల పొడినో, కాల్చిన ఎముకల పొడినో కలిపి, తాళ్లవలె సాగదీసి, చుట్టలుగా పేర్చి పాత్రలు మలిచేవారు. పైభాగాన్ని నునుపుచేసి, సుడుల వంటి నమూనాలు చెక్కి, ఆ గీతలలో ఎరుపో తెలుపో నింపేవారు. మృతులతోపాటు ఇట్టి పాత్రలను సమాధులలో ఉంచడం వారి ఆచారం. సుమారు 1430–1680 మధ్యకాలపు శ్మశానాలు ఈ పరీవాహక ప్రాంతంలో అనేకం వెలువడ్డాయి.

1930ల ప్రారంభంలో టెక్సాస్ విశ్వవిద్యాలయంవారు ఇక్కడ త్రవ్వకాలు జరిపారు. అమ్మకానికి, సరదాకు సమాధులు త్రవ్వినవారూ లేకపోలేదు. ఓక్లహోమాలోని స్పైరో దిబ్బను 1933–35 మధ్య కొందరు వ్యాపారదృష్టితో త్రవ్వి, దొరికినవాటిని అమ్ముకున్నారు. ఏ వస్తువు ఏ పొరలో, దేని ప్రక్కన ఉండెనో వ్రాసినవారు లేరు. వస్తువులు మిగిలినా, అవి చెప్పవలసిన చరిత్రలో చాలాభాగం నశించింది.

అందుకే నేటి పరిశోధకులు మ్యూజియములలోనివే గాక, ప్రైవేటు వ్యక్తుల వద్దనున్న పాత్రలను కూడా ఒక్కొక్కటిగా నమోదు చేస్తున్నారు. ఎత్తు, మూతి వెడల్పు, మట్టిలో కలిపిన పదార్థం, రంగు, నమూనా వ్రాసి, ఛాయాచిత్రం తీస్తారు. ప్రతి స్థలానికి ఒక సంఖ్య ఉంటుంది. అందులో మొదటి 41 టెక్సాస్‌ను, తరువాతి రెండక్షరాలు కౌంటీని, చివరి అంకె ఆ స్థలాన్ని సూచిస్తాయి. నమూనాలలోని భేదాలను పోల్చి, ఏ పల్లెకు ఏ పల్లెతో సంబంధమో ఊహించగలుగుతున్నారు.

ఈ నమోదు పండితులకు మాత్రమే ఉపకరించేది కాదు. 1859లో కాడోలు టెక్సాస్‌ను విడిచి, నేటి ఓక్లహోమాకు తరలిపోవలసి వచ్చింది. 1990లో వచ్చిన కేంద్ర చట్టం, పూర్వికుల అస్థికలను, సమాధి వస్తువులను కోరి తిరిగి పొందే హక్కును ఆదివాసి జాతులకు ఇచ్చింది. ఏది ఎక్కడిదో వ్రాసి ఉంటేనే ఆ హక్కు నెరవేరుతుంది. జెరల్డిన్ రెడ్‌కార్న్ అనే కాడో మహిళ ప్రాచీన పాత్రలను పరిశీలించి, అంతరించిన ఆ కళను పునరుద్ధరించింది. ఆమె చేసిన పాత్ర 2009లో అమెరికా అధ్యక్షుని కార్యాలయాన్ని అలంకరించింది.

విద్యార్థులారా! పొలంలోనో, ఏటి గట్టుననో పాత పెంకు కనబడితే కదపకండి. చోటును, తేదీని వ్రాసుకొని మీ ఉపాధ్యాయులకు తెలియజేయండి. చరిత్ర రచనకు అదే తొలి అక్షరం.