కొమురవెల్లి బోనం: పాత్ర ఒక్కటే చాలదు

సిద్దిపేట జిల్లా కొమురవెల్లిలో సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారాన్ని పట్నం వారం అంటారు. అక్కణ్నుంచి ఉగాది దాకా మల్లన్న జాతర సాగుతుంది. భక్తులు కొత్త కుండలో బోనం వండుతారు, ఒగ్గు పూజారులతో పట్నం అనే పంచరంగుల ముగ్గు వేయించి మొక్కు చెల్లిస్తారు.

ఆ కుండను దగ్గరగా చూస్తే చెక్కడమేదీ కనబడదు. కుమ్మరి చేసిన నున్నటి మట్టిపాత్ర. ఇంటి ఆడవాళ్లు దానికి సున్నం, పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతారు, పైన దివ్వె వెలిగిస్తారు. కడిగితే ఆ అలంకారం పోతుంది. పక్కనే ఉన్న చేర్యాల నకాశీ పటం గుడ్డమీద నిలిచింది కాబట్టి మ్యూజియాలకు చేరింది, దానికి భౌగోళిక గుర్తింపూ దక్కింది. బోనం కుండకు ఆ వీలు లేదు.

నైజీరియాలోని యొరుబా ప్రజల పూజాపాత్రలు ఇక్కడ పోలికకు పనికొస్తాయి. ఇఫా ప్రశ్న చెప్పే పూజారి తన పదహారు ఆయిల్‌పామ్ గింజలను ఉంచే కొయ్య గిన్నె పేరు 'అగెరె ఇఫా'. చాలా గిన్నెలను మోకాళ్లూనిన స్త్రీ బొమ్మ మోస్తుంటుంది. ఒలొవె అనే ఇసె పట్టణపు శిల్పి చెక్కిన పాత్ర ఒకటి వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ కళా మ్యూజియంలో ఉంది. దాని అడుగున మోకరిల్లిన బొమ్మల నడుమ ఒక తలకాయ విడిగా దొర్లుతుంది. అంతా ఒకే దుంగలోంచి తీసిందే. ఒలొవె 1938లో చనిపోయారు. ఆయన భార్యల్లో ఒకరు పాడిన ప్రశస్తిగీతాన్ని 1988లో పరిశోధకులు రికార్డు చేశారు. శిల్పి గొప్పతనానికి ఇంటివాళ్ల పాట కూడా సాక్ష్యమైంది.

ఈ రెండు సంప్రదాయాల మధ్య రాకపోకలున్నాయని చెప్పేందుకు ఆధారమేదీ లేదు. స్త్రీ, పాత్ర అనే జంట రెండుచోట్లా కనబడినంత మాత్రాన మూలం ఒకటే అనడం తొందరపాటు. అయితే తేడా మాత్రం గట్టిది. యొరుబా శిల్పి గిన్నె కింద స్త్రీని చెక్కాడు. కొమురవెల్లిలో బోనాన్ని తలకెత్తుకుని దాని కింద స్త్రీయే నిలబడుతుంది. గిన్నెను మ్యూజియానికి తెస్తే మోసే బొమ్మ కూడా వస్తుంది. కుండ ఒక్కదాన్నే తెస్తే సగం వస్తువు జాతరలోనే ఉండిపోతుంది. అందుకే బోనాన్ని కళావస్తువుగా లెక్కలోకి తీసుకోకపోవడానికి దాని సాదాతనం కంటే మన సేకరణ పద్ధతే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడు ఇత్తడి, స్టీలు బిందెలతోనూ బోనం ఎత్తుతున్నారు. మట్టికుండ ఇంకా అందుబాటులో ఉండగానే కుండ చేసిన కుమ్మరి పేరు, బొట్లు పెట్టిన చేతి వరస, ఎత్తుకున్న మనిషి నడక మూడూ కలిపి నమోదు చేయాలి.