దివాన్ దేవిడిలో ఒక లియో

అమెరికా అధ్యక్షుడి ఆఫీసు సిబ్బంది మీద తీసిన 'ద వెస్ట్ వింగ్' సీరియల్ మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో 2000 ఏప్రిల్‌లో వచ్చిన ఒక ఎపిసోడంటే నాకు బాగా ఇష్టం. ప్రతిదానికీ ఎందుకు వెనకాడుతున్నావని చీఫ్ ఆఫ్ స్టాఫ్ లియో అధ్యక్షుణ్ణి మొహమ్మీదే నిలదీస్తాడు. ఇద్దరూ గట్టిగా వాదించుకుని ఒక దారికొస్తారు. అది చూసినప్పుడల్లా నాకు మన పాతబస్తీ దివాన్ దేవిడి గుర్తొస్తుంది. అక్కడా ఒక లియో ఉండేవాడు. కాకపోతే మొహమ్మీద అడిగే వీలు ఆయనకి లేదు.

ఆయనే మొదటి సాలార్‌జంగ్. (మ్యూజియంలో వస్తువులు చాలావరకు పోగేసింది ఈయన కాదు, మనవడు మూడో సాలార్‌జంగ్. ఈ పొరపాటు గైడ్లు కూడా చేస్తుంటారు!) 1853 మే నెలలో, హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఖర్చుల కింద నిజాం బీరార్‌ని ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పాడు. కొద్దిరోజులకే దివాను సిరాజుల్ ముల్క్ చనిపోయాడు. ఆ కుర్చీలో ఆయన అన్నకొడుకుని కూర్చోబెట్టారు. వయసు 24. ఖజానా ఖాళీ, నెత్తిన అప్పులు.

నాలుగేళ్ళకి 1857 వచ్చింది. మేలో నిజాం పోయి కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. అటు ఉత్తరాదిన సిపాయిలు లేచారు. కంటింజెంట్ నుంచి తప్పించుకుని జమేదార్ చీదా ఖాన్, ఇంకొందరు ఊళ్ళోకొస్తే సాలార్‌జంగ్ వాళ్ళని పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించాడు. విడిపించమని మక్కా మసీదు దగ్గర జనం పోగయ్యారు. జులై 17 సాయంత్రం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందుండి, దాదాపు 500 మంది రోహిల్లాలతో మూసీ దాటి కోఠీ రెసిడెన్సీ మీద పడ్డారు (తర్వాత ఉమెన్స్ కాలేజీ అయిన భవనమే). అయితే దివాను దగ్గర్నుంచి కబురు ముందే వెళ్ళిపోయింది. రెసిడెంట్ డేవిడ్సన్ ఫిరంగులు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. తెల్లవారుజాముకల్లా అంతా అయిపోయింది. అల్లావుద్దీన్‌ని అండమాన్ పంపారు. తుర్రెబాజ్ ఖాన్ జైలు తప్పించుకున్నాడు గానీ, 1859లో తూప్రాన్ దగ్గర చంపేసి, శవాన్ని ఊళ్ళో వేలాడదీశారు.

మరి సాలార్‌జంగ్ ద్రోహా? అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఢిల్లీకి, లక్నోకి ఏ గతి పట్టిందో చూస్తే, ఆ రాత్రి ఆయన కబురు పంపకపోతే చార్మినార్ చుట్టూ ఏం మిగిలేదో ఊహించుకోవచ్చు. నా మటుకు నాకు అది తెలివైన లెక్కే. కానీ తుర్రెబాజ్ ఖాన్ లాంటివాళ్ళ ప్రాణాలు కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి, వాటిని పక్కన పెట్టి సంస్కర్త అంటూ పూలదండలెయ్యడం నాకు నచ్చదు. ఊళ్ళో అప్పట్లోనే క్షమించని వాళ్ళున్నారు. 1859 మార్చిలో దర్బారు నుంచి రెసిడెంటుతో కలిసి బయటికొస్తుంటే ఒకడు చంపబోయాడు.

యజమాని దగ్గరైనా మంచి పేరుందా అంటే అదీ లేదు. ఇంగ్లీషువాళ్ళు మెచ్చుకునేకొద్దీ నవాబుకి అనుమానం పెరిగింది. ఊరిగోడ దాటి తన తోటలో విందు చేసుకోవాలన్నా దివాను అనుమతి అడగాల్సి వచ్చేదట. ఇక ఇంగ్లీషువాళ్ళిచ్చిన ప్రతిఫలం చూడండి. నిజాంకి లక్ష రూపాయల కానుకలు, దివానుకి 30 వేలవి. 1860లో రాయచూరు, నల్దుర్గ్ వెనక్కిచ్చారు, షోరాపూర్ కొత్తగా ఇచ్చారు, 50 లక్షల అప్పు కొట్టేశారు. బీరార్ మాత్రం ఇవ్వలేదు.

సాలార్‌జంగ్‌కి కావలసింది అదొక్కటే. 1869లో అఫ్జలుద్దౌలా పోయి, పసివాడు మహబూబ్ అలీ ఖాన్ నిజాం అయ్యాక పాలన ఆయన చేతికొచ్చింది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించాడు. 1876లో ఇంగ్లండే వెళ్ళాడు. దారిలో పారిస్‌లో జారిపడి తొడ ఎముక విరిగింది, అయినా ఆగలేదు. ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్ ఇచ్చింది, విక్టోరియా రాణి దర్శనమిచ్చింది... బీరార్ ఊసెత్తితే మాత్రం తర్వాత చూద్దామన్నారు.

1883 ఫిబ్రవరిలో కలరాతో ఆయన పోయాడు. 1902లో కర్జన్ హైదరాబాదొచ్చి, ఆ పసివాడే పెద్దయి నిజాంగా ఉండగా, బీరార్‌ని ఏటా 25 లక్షలకి శాశ్వత కౌలుగా రాయించుకుని వెళ్ళాడు.