తెలుగు కథలో క్రైస్తవ దృష్టి

ఆదివారము ఉదయమున నాంపల్లి రైలు స్టేషనులో దిగి అబిడ్సు వైపు నడచువారికి రెండు దృశ్యములు కనిపించును. చాపెల్ రోడ్డు ప్రాంతమున, నల్ల అట్ట బైబిలును పాటల పుస్తకమును చేతబట్టుకొని ఆరాధనకు పోవు కుటుంబములు మొదటిది. మరికొంత దూరము పోగా అబిడ్సు కాలిబాటలపై పరచిన పాత పుస్తకముల రాసులు రెండవది. ఆ గుడికి పోవు మనుష్యులు ఈ పుస్తకములలో ఎంతవరకు కనిపింతురు? వారి ఇండ్లు, వారి మాటలు, వారి కష్టసుఖములు తెలుగు కథలోనికి ఎట్లు వచ్చినవి, ఎందుకు ఆలస్యముగా వచ్చినవి? ఈ ప్రసంగములో మేము విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

ఈ పేటలకు క్రైస్తవ సంపర్కము క్రొత్తది కాదు. సెయింట్ జార్జి గ్రామరు పాఠశాల 1834లోను, చాపెల్ రోడ్డునందలి స్టాన్లీ బాలికల పాఠశాల 1895లోను వెలసినవి. అబిడ్సు అను పేరు సైతము ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ అబిద్ అనువాని దుకాణమును బట్టి వచ్చినది. నాలుగు భాషలు, నాలుగు మతములు ఒక్క వీథిలో ఎదురుపడు తావు ఇది. కథకునకు కావలసిన సామగ్రికి ఇక్కడ కొదవ లేదు. కొదవ ఎక్కడ నున్నదో తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

తెలుగు అచ్చుపుస్తకముల చరిత్రయే క్రైస్తవ గ్రంథములతో మొదలగుచున్నది. 1746లో జర్మనీలోని హాలె పట్టణమున బెంజమిన్ షుల్జ్ తెలుగున చిన్న మతగ్రంథములను అచ్చొత్తించెను. 1818లో శ్రీరామపురమునుండి క్రొత్త నిబంధన తెలుగున వెలువడెను. 1854 నాటికి బైబిలు సంపూర్ణముగా తెలుగులోనికి వచ్చెను. అనగా మన భాషలో నవల పుట్టుటకు ముందే, ఒక పెద్ద కథల భాండారము వచనములో పాఠకుల చేతికి అందినదన్నమాట. పిదప జాన్ బనియన్ రచించిన యాత్రికుని ప్రయాణము తెలుగున చదువరులకు లభించెను. బనియన్ 1678లో ప్రకటించిన ఆ గ్రంథమునకు బెడ్‌ఫర్డు చెరసాలయే జన్మస్థానము. అందు పాత్రలకు మనుష్యుల పేర్లు లేవు. గుణముల పేర్లు, దోషముల పేర్లు కలవు. బనియన్ ప్రతిభావంతుడు గనుక ఆ గుణములే మనుష్యులై నడచినవి. కాని ఆయనను అనుకరించిన అల్పుల చేతిలో మనుష్యులు గుణములై బిగుసుకొనిపోయిరి. మంచివాడు తుదివరకు మంచివాడు. చెడ్డవాడు తుదిపుటలో పశ్చాత్తాపపడువాడు. ఈ మూసనుండి బయటపడుటకు చాల కాలము పట్టెను.

పొరుగు భాషల చరిత్ర చూతము. వంగభాషలో హానా కాథరిన్ మల్లెన్సు 1852లో ఫూల్మణి, కరుణ అను ఇద్దరు క్రైస్తవ స్త్రీల కథను ప్రకటించెను. మరాఠీలో బాబా పద్మన్‌జీ 1857లో యమునాపర్యటనము వ్రాసి, విధవల దుఃఖమును ఆ భాషలోని తొలి నవలకు వస్తువు చేసెను. తమిళమున మొదటి నవలగా పేర్కొనబడు ప్రతాప ముదలియారు చరిత్రము 1879లో వెలువడినది. దానిని వ్రాసిన మాయవరము మునసబు వేదనాయకము పిళ్ళై కాథలికుడు. అయినను ఆయన తన పాత్రలను మతము మార్పింపలేదు. నవ్వించెను, నీతి చెప్పెను, తన చుట్టునున్న లోకమును చూపెను. ఈ మువ్వురిలో తమిళ పాఠకులు తమవాడని ఇప్పటికిని చెప్పుకొనుచున్న పిళ్ళైగారి మార్గము ఆలోచింపదగినది.

ఇక మన తెలుగు. 1878వ సంవత్సరమున రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ వివేకవర్ధనిలో రాజశేఖరచరిత్రమును ప్రకటింప మొదలిడిరి. 1880లో అది పుస్తకమయ్యెను. దానికి ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన వేక్‌ఫీల్డు మతాచార్యుని కథ. ఆ కథానాయకుడు ప్రింరోజు ఒక క్రైస్తవ గురువు. ధనము పోవును, ఇల్లు తగులబడును, తాను అప్పులకై చెరసాల చేరును. అచటి ఖైదీలకు ధర్మబోధ చేయును. బైబిలులోని యోబు కష్టముల నీడ ఆ కథపై స్పష్టముగా పడినది. పంతులుగారు ఆ గురువును ధవళేశ్వరపు బ్రాహ్మణ గృహస్థునిగా మార్చి, గోదావరి తీరపు ఆచారములను, మూఢవిశ్వాసములను, ముఖస్తుతిచేయు బంధువులను చుట్టును నిలిపిరి. రాజశేఖరుడు అనువాదమునుండి కాక మన ఊరినుండియే పుట్టినట్లుండును. 1887లో హచిన్సన్ అను ఆంగ్లేయుడు ఆ నవలను ఆంగ్లము చేసి, అదృష్టచక్రమను అర్థముగల పేరుతో లండనులో ప్రకటించెను. ఇంగ్లండునుండి గురువుగా బయలుదేరినవాడు బ్రాహ్మణుడై తిరిగి ఇంటికి పోయెను!

అదే 1878లో, రాజమహేంద్రవరమునకు దక్షిణమున మరియొక కథ జరుగుచుండెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును కాల్చిన ఘోర క్షామములో, ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకపు గుత్త పుచ్చుకొని, ఆకలిగొన్న మాదిగ, మాల కుటుంబములకు పని కల్పించెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒక పేరు విడిచి మరియొక పేరు ధరించిన ఆ వేలమందిలో ప్రతివానికిని ఒక నవలకు చాలినంత బ్రతుకు కలదు. ఒకే సంవత్సరమున, ఒకే భాష మాటలాడు నేలపై, ఒక చోట నవల పుట్టెను. మరియొక చోట నవలకు తగిన జీవితము పుట్టెను. ఒకదాని సంగతి మరియొకదానికి పట్టలేదు. కాలువ త్రవ్వినవారికి అక్షరము లేదు. అక్షరము కలవారికి ఆ వాడ దారి తెలియదు.

ఆ దారిని కలిపినవారు తరువాత వచ్చిరి. వినుకొండలో 1895లో జన్మించిన గుర్రము జాషువ క్రైస్తవ గృహమున పెరిగినవాడు. 1941లో వెలువడిన గబ్బిలము కావ్యములో ఆయన నిలిపిన అరుంధతీసుతుడు తన మొరను కాశీ విశ్వేశ్వరునకు గబ్బిలముచేత పంపును. గుడి తలుపు తనకు మూసిరి, గబ్బిలమునకు మూయలేదు. ఇది పద్యకావ్యమే యైనను, కథకులకు ఇందొక పాఠమున్నది: జాషువ తన పాత్రచేత మతపరీక్ష వ్రాయింపలేదు, ఆ పాత్ర గుండెలోని మాటను దాని దారినే పోనిచ్చెను. క్రీస్తు చరిత్ర వ్రాసి 1964లో సాహిత్య అకాడమి బహుమతిని పొందిన కవియు ఆయనయే. ఆయన 1957 మొదలు 1959 వరకు మద్రాసు రేడియోలో పనిచేసెనని చెప్పుకొనుట మా వృత్తివారికి గర్వకారణము.

గుంటూరు మండలపు వేజెండ్లలో 1939లో పుట్టిన కొలకలూరి ఇనాక్, 1983 నాటి ఊరబావి కథలలో నీటికై పడు పాట్లను, వాడ స్త్రీల తెగువను చూపిరి. 2000లో వచ్చిన జి. కళ్యాణరావు నవల అంటరాని వసంతము, గుండ్లకమ్మనాటి ఆ బాకీని పెద్దయెత్తున తీర్చినది. అందు రూతు అను వృద్ధురాలి జ్ఞాపకములలో తరములు కదలును. కరవున కాలువ పనికి పోయిన శివయ్య సీమోనుగా మారును. పేరు మారినను కులము వెంటబడి చర్చి గుమ్మమువరకు వచ్చుటను రచయిత దాచలేదు. ఆయన విప్లవ రచయిత. మతబోధ ఆయన ఉద్దేశము కాదు. అయినను క్రైస్తవ కుటుంబము లోపలి బ్రతుకును ఇంత దగ్గరగా చూపిన తెలుగు నవలలు అరుదు. 1878 నాటి రెండు కథలు ఒక పుస్తకములో కలిసికొనుటకు 122 ఏండ్లు పట్టెను.

అట్లయిన, విశ్వాసముతో వ్రాయదలచిన కథకుడు ఏమి చేయవలెను? దీనికి అతడు దూరము పోనక్కరలేదు. తాను ప్రతివారము వినుచున్న ఉపమానములనే శిల్పదృష్టితో చూడవచ్చును. తప్పిపోయిన కుమారుని కథలో చిన్నవాడు ఇల్లు చేరును, విందు జరుగును. పెద్దకుమారుడు మాత్రము వాకిట నిలిచిపోవును. తండ్రి బయటికి వచ్చి బ్రతిమాలును. అతడు లోపలికి వచ్చెనా? కథ చెప్పదు. ఆ తలుపు తెరచియే యున్నది. వినువాడే అందు నడువవలెను. మన కథకులు ఆ పెద్దకుమారుని చేయిపట్టి లోపలికి లాగి, విందులో కూర్చుండబెట్టి, పైన నాలుగు వాక్యముల నీతి చేర్తురు. అంతటితో కథ చచ్చును.

రెండవది, సందేహమునకు న్యాయము చేయుట. 1879, 1880 సంవత్సరములలో వెలువడిన కరమజోవ్ సోదరులలో దోస్తయేవ్‌స్కీ తన విశ్వాసమునకు విరుద్ధమగు వాదమును ఇవానుచేత అత్యంత బలముగా చెప్పించెను. దానికి ప్రత్యుత్తరము వాదముగా రాలేదు. జోసిమా, అల్యోషాల నడవడిగా వచ్చెను. జపానుకు చెందిన షుసాకు ఎండో 1966 నాటి మౌనము అను నవలలో, ఇతరులు పడు హింసలను చూడలేక విశ్వాసమును కాలదన్నిన గురువునే నాయకునిగా నిలిపెను. ఎదిరిపక్షమును గడ్డిబొమ్మగా నిలిపినవాడు, తన పక్షమును సైతము గడ్డిబొమ్మగానే నిలుపును.

మూడవది భాష. ఇచ్చట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. క్రిస్మసు సమీపించునప్పుడు మా బల్లపైకి కథలు వచ్చును. కొన్నియేండ్ల క్రిందట ఒక ఆసుపత్రి నర్సు పంపిన కథలో, జ్వరముతో చావుబ్రతుకుల మధ్యనున్న కొడుకు మంచము ప్రక్కన ఒక తల్లి ఇట్లు ప్రార్థించును: “నా బిడ్డ నాకు గావాలె. నీకెందుకయ్యా?” ప్రార్థన ఇట్లుండునా అని మేము ఆ మాటను కొట్టివేసి, పాటల పుస్తకపు భాషలో విధేయతగల వాక్యమును చేర్చితిమి. రికార్డింగునాడు ఆమె ఆ వాక్యమువద్ద ఆగెను; పిదప చదివెను. చదువుట ముగిసిన తరువాత మెల్లగా ఇట్లనెను: “ఆ తల్లి అట్ల అనలే సార్. నేను అక్కడనే ఉన్న.” ప్రసారము నాడు విన్నప్పుడు మాకు తెలిసినది. కథ యంతయు బ్రతికియుండెను. మేము దిద్దిన ఆ ఒక్క వాక్యమే నిర్జీవముగా నుండెను. ఆ తల్లి దేవునితో పోట్లాడుచున్నది. ఎదుట ఎవ్వరును లేరనుకొన్నవారు పోట్లాడరు గదా! మేము విశ్వాసమును కాపాడబోయి దానినే కొట్టివేసితిమి.

గోల్డ్‌స్మిత్ గురువునకు గోదావరి నీరు పట్టించిన పంతులుగారు, గబ్బిలమును కాశికి పంపిన జాషువ, సీమోను వెనుక శివయ్యను మరువని కళ్యాణరావు, వీరి మతములు వేరు, ఆశయములు వేరు. మనుష్యుని మాటను మనుష్యునికే విడుచుట వీరందరికిని సమానము. చాపెల్ రోడ్డున నడచు ఆ కుటుంబములలో మన కాలపు కథలు ఎన్నియో కలవు: నగరమునకు వలసవచ్చిన కూలి, రాత్రి పాళీ ముగించి నేరుగా ఆరాధనకు వచ్చు నర్సు, రెండు పేర్లతో బ్రతుకు విద్యార్థి. వారిలో ఎవరైన ఈ సంవత్సరము క్రిస్మసునకు కథ వ్రాసి పంపుదురేని, అమ్మ అన్న మాటను అమ్మ అన్నట్లే వ్రాయుదురు గాక. మేమును దానిని ఇక కొట్టివేయము.