తప్పని తాళం

స్కాట్లాండ్ చరిత్ర అనగానే మనవాళ్లకి కోటలు, రాజులు, ఇంగ్లండుతో యుద్ధాలు గుర్తొస్తాయి. ఇక్కడ స్థిరపడిన నాకు ఈ దేశం తెలిసింది మాత్రం ఒక డాన్సు బ్యాండు నాయకుడి బతుకులోంచి. ఆయన పేరు జిమ్మీ షాండ్.

1908 జనవరి 28న ఫైఫ్ ప్రాంతంలో ఈస్ట్ వీమ్స్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి మొదట పొలాల్లో నాగలి పట్టిన కంబారి, తర్వాత గని కార్మికుడు. ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు. తండ్రి మెలోడియన్ వాయించేవాడు. హార్మోనియాన్ని గుండెకి ఆనించుకుని, తిత్తి లాగుతూ బొత్తాలు నొక్కితే ఎలా ఉంటుందో అలాంటి వాద్యమది. కొడుక్కీ ఆ విద్య అబ్బింది. 14 ఏళ్లకి బడి మాని గనిలోకి దిగాడు.

1926లో గని యజమానులు కూలి తగ్గిస్తాం, పని గంటలు పెంచుతాం అన్నారు. బ్రిటన్ అంతటా సార్వత్రిక సమ్మె మొదలైంది. తొమ్మిది రోజులకి మిగతా సంఘాలు విరమించినా గని కార్మికులు నెలల తరబడి పస్తులతో నిలబడ్డారు. వాళ్ల సహాయనిధి సభల్లో జిమ్మీ వాయించాడు. ఆ తర్వాత గనిలో ఆయనకి పని దొరకలేదు.

ఫైఫ్ నుంచి టే నది దాటితే డండీ. బెంగాల్ జనపనారతో బతికిన ఊరు. జూట్ మిల్లుల ఊరంటే ఎలా ఉంటుందో మన ఉత్తరాంధ్రలో రాజాం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఫోర్బ్స్ వాద్యాల దుకాణంలో జిమ్మీ, మెలోడియన్ జాతిదే అయిన అకార్డియన్ అందుకుని వాయిస్తే, విన్న యజమాని ఉద్యోగమే ఇచ్చాడు: ఊళ్లు తిరిగి వాద్యాలు అమ్మాలి, బాకీలు వసూలు చేయాలి. 1933లో తొలి రికార్డులొచ్చాయి. బీబీసీ పరీక్షలో మాత్రం, వాయిస్తూ కాలితో తాళం వేస్తున్నాడని తిప్పి పంపేశారట. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అగ్నిమాపక దళంలో పనిచేశాడు. 1945 జనవరి 1న సొంత బ్యాండుతో రేడియోలో వినిపించాడు.

నా మటుకు నాకు ఆయన గొప్పతనమంతా ఆ కాలి తాళంలోనే ఉంది. ఇక్కడి రీల్, జిగ్ ఆటల్లో జట్లు జట్లుగా నిలబడి చేతులు మార్చుకుంటూ తిరుగుతారు. లయ ఒక్క పిసరు జారినా అందాల్సిన చెయ్యి అందదు. అకార్డియన్, ఫిడేలు, పియానో, బేస్, డ్రమ్స్ అన్నింటినీ ఆయన ఆడేవాళ్ల అడుగులకే కట్టిపడేశాడు. తన నేర్పు చూపించుకోవాలని వేగం పెంచలేదు. వేదిక మీద నవ్వడం కూడా అరుదే. 1955లో ఆయన వాయించిన బ్లూబెల్ పోల్కా, బ్రిటన్‌లో ఎక్కువగా అమ్ముడైన తొలి 20 రికార్డుల్లోకి ఎక్కింది. దాన్ని రికార్డు చేయించిన జార్జ్ మార్టిన్, తర్వాత బీటిల్స్‌తో పనిచేసినవాడే. వాద్యాలు చేసే హోనర్ కంపెనీ షాండ్ పేరుతోనే అకార్డియన్ తయారుచేసింది. సర్ బిరుదు 1999లో, 91 ఏళ్ల వయసులో వచ్చింది. చాలా ఆలస్యం. మరుసటి ఏడాది డిసెంబరులో కన్నుమూశాడు. ఆయన నివసించిన ఆక్టర్‌మక్టీలో ఇప్పుడు విగ్రహం ఉంది.

ఒక గని కూలివాడి కొడుకు గురించి ఇన్ని తేదీలు నేను రాయగలిగానంటే, ఇక్కడ ఎవరో వాటిని దాచిపెట్టబట్టే. మన తప్పెటగుళ్ల గురువులూ గుండె మీద వాద్యం కట్టుకుని, పదిమంది అడుగుల్ని ఒక్క లయలో నడిపినవాళ్లే. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి పల్లెల్లో అలాంటి పెద్దలు మీకు తెలిస్తే, ఎప్పుడు పుట్టారో, ఎవరి దగ్గర నేర్చారో అడిగి రాసిపెట్టండి. వాళ్ల ఆటని ఫోన్లోనైనా రికార్డు చేయండి.