టెంటులో దీపం: వాట్ల లెక్క ఎప్పుడు చెల్లింది, ఎందుకు చెల్లకుండా పోయింది



ఈ మధ్య మన దగ్గర కూడా డ్రాగన్ తోటల్లో, చామంతి మళ్లలో రాత్రిపూట లైట్లు వెలుగుతున్నాయి. ఇంకో పక్క "గదిలో పంట, లక్షల్లో ఆదాయం" అంటూ గ్రో లైట్లు అమ్మేవాళ్లూ ఎక్కువయ్యారు. ఒకడు 1000 వాట్లంటాడు, ఇంకొకడు ఇన్ని వేల లక్స్ అంటాడు. ఏది నమ్మాలి? దీనికి సమాధానం ఈ దీపం చరిత్రలోనే ఉంది. పోస్టు కాస్త పెద్దది, తీరిక చేసుకుని చదవండి.

ముందే ఒక మాట. ఈ కథలో గంజాయి మొక్క చాలాసార్లు వస్తుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా ఆ మొక్క పెంచితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పొలంలో పెంచినా, గదిలో టెంటు వేసి పెంచినా చట్టం ఒక్కటే. దాని జోలికి పోవద్దు. కానీ ఎండ లేకుండా దీపం కింద పంట తీయడంలో డబ్బు పోసి, దెబ్బలు తిని నేర్చుకున్నవాళ్లలో విదేశాల్లో ఆ మొక్క పెంచినవాళ్లు ముందుంటారు. వాళ్లు తిన్న దెబ్బలు మనం తినక్కర్లేదు.

ఇక కథలోకి వద్దాం.

1880. ఇంగ్లండులో విలియం సీమెన్స్ అనే ఇంజినీరు. పుట్టింది జర్మనీలో, స్థిరపడింది ఇంగ్లండులో. అప్పటికి ఇళ్లలో కరెంటు బల్బు ఇంకా రాలేదు. రెండు బొగ్గు కడ్డీల మధ్య మంట పుట్టించే ఆర్క్ దీపం మాత్రం ఉంది. టన్‌బ్రిడ్జ్ వెల్స్ ఊరి దగ్గర తన ఇంట్లో ఆ దీపం పెట్టి, పగలు ఎండలో ఉన్న మొక్కలకు రాత్రి కూడా వెలుగు చూపించాడు. ఆవాలు, క్యారెట్, దోస లాంటివి పెంచి చూశాడు. మొక్కలు అలసిపోలేదు సరికదా, ఇంకా బాగా పెరిగాయి. ఈ పనికి "ఎలక్ట్రో హార్టికల్చర్" అని పేరు కూడా పెట్టాడు.

పదేళ్ల తర్వాత అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో లిబర్టీ హైడ్ బెయిలీ అనే ఉద్యాన శాస్త్రవేత్త ఇదే పని చేశాడు. దీపానికి గాజు బుడ్డి లేకపోతే దగ్గరున్న ఆకులు మాడాయి. బుడ్డి పెడితే లెట్యూస్ ఆకుకూర ముందుగా కోతకొచ్చింది. పాలకూర జాతి స్పినాచ్ మాత్రం ఆకు పెంచడం మానేసి పూతకు పోయింది. దీపం ఒక్కటే. ఒక పంటకు లాభం చేసింది, ఇంకో పంటను చెడగొట్టింది. ఎందుకో అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు.

ఆ ముడి విప్పడం మొదలుపెట్టింది గంజాయి మొక్కతోనే. పారిస్‌లో తూర్న్వా అనే యువ శాస్త్రవేత్త 1910 తర్వాత నార గంజాయి మీద పనిచేశాడు. చలికాలంలో అద్దాల ఇంట్లో విత్తిన మొక్కలు జానెడు కూడా పెరగకుండానే పూతకొస్తున్నాయి. బలం తక్కువై కాదు, చలికీ కాదు. రోజుకు కొద్ది గంటలే వెలుగిస్తే పూత తొందరగా వస్తోందని కనిపెట్టాడు. 1914లో ఇంకో అడుగు ముందుకేసి, దీనికి పగలు తగ్గడం కన్నా రాత్రి పెరగడమే కారణమని రాశాడు. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధంలో ఆయన చనిపోయాడు. పని అక్కడే ఆగింది.

దాన్ని మళ్లీ అందుకున్నది అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు. వాళ్ల చేతిలో ఉన్నది మేరీలాండ్ మామ్మత్ అనే పొగాకు రకం. ఎండాకాలమంతా పొలంలో ఏపుగా పెరుగుతుంది, పూత రాదు. పూత లేకపోతే విత్తనం లేదు. అదే మొక్క చలికాలంలో అద్దాల ఇంట్లో చిన్నగా ఉండగానే పూస్తుంది. 1918లో వాళ్లు చీకటి కొట్టు ఒకటి కట్టి, వేసవి సాయంత్రాలు ఇంకా ఎండ ఉండగానే మొక్కల్ని అందులోకి తోశారు. రాత్రి పొడుగైంది, పూత వచ్చేసింది. 1920లో ఈ సంగతి అచ్చయింది.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఖరీఫ్‌లో వేసిన కంది మనిషెత్తు దాటి పెరుగుతుంది. అదే కంది రబీలో వేస్తే నడుము ఎత్తు రాకుండానే పూతకొస్తుంది. అందుకేగా రబీ కందిని దగ్గర దగ్గరగా వేస్తాం. మన తాతలకు ఇది అనుభవంలో తెలుసు. గార్నర్, అలార్డ్ దానికి లెక్క కట్టారు.

1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు అసలు కీలకం పట్టుకున్నారు. పొడుగు రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే చాలు, మొక్క ఆ రాత్రిని పొడుగు రాత్రిగా లెక్కపెట్టదు. తర్వాత అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంవాళ్లు, మొక్క ఈ లెక్కకు ముఖ్యంగా ఎర్ర వెలుగును చూస్తుందని తేల్చారు. వీధి దీపం పక్కన సోయా మిగతా చేనంతా పండినా పచ్చగానే నిలబడటం చూసే ఉంటారు. కారణం ఇదే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మొక్కకు వెలుగు రెండు పనులకు. ఒకటి గడియారం, రెండోది అన్నం. గడియారానికి కొద్ది వెలుగు చాలు, మామూలు బల్బు సరిపోతుంది. అన్నానికి మాత్రం చాలా వెలుగు కావాలి. దీపాల అమ్మకంలో జరిగే మోసం సగం ఈ రెంటినీ కలగలపడం వల్లే.

సరే, అన్నం పెట్టే దీపం ఎక్కడి నుంచి వచ్చింది? రోడ్డు మీద నుంచి. 1960ల్లో హై ప్రెషర్ సోడియం దీపం వచ్చింది. హైవేల మీద పసుపు రంగులో వెలిగేది అదే. కరెంటు తక్కువ తిని వెలుగు ఎక్కువ ఇస్తుందని ఊళ్లన్నీ పెట్టుకున్నాయి. చలిదేశాల్లో పూలు, టమాటా పెంచే అద్దాల ఇళ్లవాళ్లూ దాన్ని తెచ్చుకున్నారు.

ఇంతలో 1983లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, కొండల్లో గంజాయి తోటల మీద ప్రభుత్వం హెలికాప్టర్లతో దాడులు మొదలుపెట్టింది. ఆకాశం నుంచి చూస్తే తోట దాగదు. పెంచేవాళ్లు చాలామంది ఇంట్లోకి దూరారు. అక్కడ ఎండ లేదు కాబట్టి రోడ్డు దీపాన్ని గదిలో వేలాడదీశారు. మొక్క పెరిగేదాకా రోజుకు 18 గంటల వెలుగు, పూత కావాలనుకున్నప్పుడు 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి. తూర్న్వా కనిపెట్టిన గడియారమే ఇది. 1989 అక్టోబరులో పోలీసులు దీపాలు, హైడ్రోపోనిక్స్ సామాను అమ్మే దుకాణాల మీద కూడా పడ్డారు. దుకాణదారుల దగ్గర కొన్నవాళ్ల పేర్లు తీసుకుని ఇళ్లకు వెళ్లారు.

ఆ రోజుల్లోనే ఈ వ్యాపారంలో వాట్ల భాష పాతుకుపోయింది. 400 వాట్ల దీపం, 600 వాట్ల దీపం, 1000 వాట్ల దీపం. ఇంత జాగాకు ఇన్ని వాట్లు అని చేతివాటం లెక్క. అప్పట్లో ఆ లెక్క తప్పు కాదు. అందరి దగ్గరా ఉన్నది ఒకే జాతి దీపం కాబట్టి వాట్లు పెరిగితే వెలుగు అదే లెక్కన పెరిగేది. ఊరంతా ఒకే కంపెనీ ఎరువు వాడుతుంటే "ఎకరాకు ఎన్ని బస్తాలు" అంటే సరిపోతుంది. బస్తాలో సరుకు మారితే ఆ లెక్క పనికిరాదు. దీపాల్లో సరుకు మారింది, ఎల్‌ఈడీ వచ్చింది.

దీనికి మూలం కొంత అంతరిక్షంలో ఉంది. వ్యోమనౌకలో కూరగాయలు పెంచాలని నాసా అనుకుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీవాళ్లు ఎర్ర ఎల్‌ఈడీలతో మొక్కలు పెంచే పద్ధతి తయారుచేశారు. 1995లో కొలంబియా నౌకలో ఆ దీపాల కింద బుల్లి బంగాళాదుంపలు కాశాయి. అప్పటికి రెండేళ్ల ముందే, 1993లో, జపాన్‌లో షుజి నకమురా ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీ చేశాడు. ఆ పనికి 2014లో ఇంకో ఇద్దరితో కలిసి నోబెల్ వచ్చింది. ఎరుపు ఉంది, నీలం వచ్చింది. రెండూ కలిపి ఊదారంగు గ్రో లైట్లు చేశారు. వాటితోనే మాటల గారడీ కూడా మొదలైంది. గోడ ప్లగ్గు నుంచి వంద వాట్లు లాగే దీపానికి పెట్టె మీద "1000 వాట్లు" అని రాశారు. అడిగితే లోపలున్న ఎల్‌ఈడీల గరిష్ఠ శక్తి అంతా కూడితే అంత అన్నారు, లేదా పాత దీపానికి సమానమన్నారు. నమ్మి కొన్నవాళ్ల టెంట్లలో మొక్కలు వెలుగు కోసం సన్నగా సాగిపోయాయి.

లక్స్ లెక్క కూడా అంతే. లక్స్ అంటే మనిషి కంటికి ఎంత వెలుగుగా కనపడుతుందో చెప్పే కొలత. మన కన్ను ఆకుపచ్చ, పసుపు వెలుగును ఎక్కువగా చూస్తుంది. ఎరుపు, నీలం తక్కువ. మొక్క తిండి లెక్క వేరు. 1972లో టెక్సాస్‌లో మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకులకు ఒక్కో రంగు వెలుగు చూపించి ఎంత తింటున్నాయో కొలిచాడు. ఎరుపు, నీలమే కాదు, ఆకుపచ్చ వెలుగును కూడా మొక్క బాగానే వాడుకుంటుందని తేలింది. అంటే "మొక్కకు ఊదారంగే కావాలి" అన్న ప్రచారానికి జవాబు ఎల్‌ఈడీ రాకముందే ఉంది. వెలుగును గింజల్లాగా లెక్కపెట్టాలన్న పద్ధతి అలా స్థిరపడింది. ఆ గింజల కొలతకు మైక్రోమోల్ అని పేరు. చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోళ్లు పడుతున్నాయన్నదే మొక్క అడిగే ప్రశ్న. మిట్టమధ్యాహ్నం మన ఎండ దాదాపు 2000.

2014లో అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో దీపాలన్నీ వరసగా పెట్టి కొలిచారు. మంచి సోడియం దీపం, మంచి ఎల్‌ఈడీ రెండూ ఒక జౌల్ కరెంటుకు దాదాపు 1.7 మైక్రోమోళ్ల వెలుగే ఇచ్చాయి. ఎల్‌ఈడీ ధర మాత్రం చాలా ఎక్కువ. అంటే అప్పటిదాకా "సగం కరెంటు ఆదా" అన్న ప్రచారం నిలబడలేదు. తర్వాతి ఏళ్లలో ఎల్‌ఈడీ నిజంగానే మెరుగైంది. ఇప్పుడు మంచి రకాలు జౌల్‌కు 2.5 పైనే ఇస్తున్నాయి.

జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లు ఇంట్లో మూడు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. అక్కడ టెంటు కొన్నవాడు లెక్క ఎలా వేస్తాడో చూడండి. టెంటు 2 అడుగులకు 2 అడుగులు, అంటే 0.36 చదరపు మీటర్లు. పూత దశకు 700 మైక్రోమోళ్లు కావాలనుకుంటే మొత్తం 252. దీపం జౌల్‌కు 2.5 ఇస్తే 100 వాట్లు చాలు. 4 అడుగులకు 4 అడుగుల టెంటుకు అదే లెక్కన 400 వాట్లు. పక్కలకు పోయే వెలుగు కోసం ఇంకాస్త కలుపుకోవాలి. పెట్టె మీద బొమ్మ అక్కర్లేదు, వాట్ల గొప్పలు అక్కర్లేదు. జాగా ఎంత, గింజలెన్ని కావాలి, జౌల్‌కు ఎన్ని ఇస్తుంది. ఈ మూడే.

ఇప్పుడు అదే లెక్క మన ఎకరానికి వేద్దాం. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. ఎండ అసలు లేకుండా 500 మైక్రోమోళ్లతోనే సరిపెడదామన్నా 800 కిలోవాట్లు పైన దీపాలు కావాలి. రోజుకు 12 గంటలు వెలిగిస్తే 9,700 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకున్నా రోజుకు దాదాపు 68 వేలు, ఏసీ ఖర్చు కాకుండా. ఏ ఆకుకూర ఈ ఖర్చు మోస్తుంది? అమెరికాలో గదుల్లో అంతస్తులు వేసి ఆకుకూరలు పండించిన ఏరోఫామ్స్ అనే పెద్ద కంపెనీ 2023లో దివాలా కోర్టుకెక్కింది. గంజాయి ఈ ఖర్చు మోసిందంటే దాని ధర నిషేధం వల్ల పెరిగిన ధర. 2012లో వేసిన ఒక అంచనా ప్రకారం అమెరికా మొత్తం కరెంటులో 1 శాతం ఆ గదులకే పోయింది.

కాబట్టి లైటు కొనే ముందు మిమ్మల్ని మీరు ఈ ప్రశ్నలు అడగండి.

1. నాకు కావాల్సింది గడియారమా, అన్నమా? డ్రాగన్‌ను సీజన్ కాని రోజుల్లో పూయించడానికి, చామంతి పూతను ఆపి కాడ పెంచడానికి కావాల్సింది గడియారం. దానికి ఖరీదైన గ్రో లైటు దండగ. ఎండ పగలు ఊరికే అన్నం పెడుతోంది.

2. గోడ నుంచి నిజంగా ఎన్ని వాట్లు లాగుతుంది? చిన్న మీటరు పెట్టి చూపించమనండి.

3. జౌల్‌కు ఎన్ని మైక్రోమోళ్లు? పరీక్ష కాగితం ఉందా? లక్స్ మాత్రమే చెప్పేవాడి దగ్గర కొనకండి.

4. ఎండ లేకుండా పండించిన ఈ పంట కరెంటు బిల్లు మోస్తుందా? పంట ధర అమ్మేవాడు చెప్పింది కాదు, మీ మార్కెట్లో ఉన్నది వేసుకోండి.

మన ఊళ్లలో చదువుకున్న పిల్లలు బ్యాంకు అప్పు తెచ్చి గదుల్లో పంటలు వేద్దామనుకుంటున్నారు. ఉత్సాహం మంచిదే, ఆపొద్దు. కానీ సంతకం పెట్టే ముందు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఎకరం లెక్క ఒకసారి వేయించండి. కాగితం, పెన్ను, పది నిమిషాలు చాలు.