తూనికకు రాని సరకు

మా హిమాయత్‌నగరము హైదరాబాదు నడుమనున్న ఆ పేరుగల పేట కాదు. మొయినాబాదు మండలములో, చిలుకూరునకు చేరువనున్న పల్లె. ఈ చేవెళ్ల ప్రాంతమునందు కూరగాయలును పూలును విరివిగా పండును. తెల్లవారక మునుపే అవి నగరపు అంగళ్లకు చేరును. అమ్మువాడు తూచును, కొనువాడు చూచును. సరకు చేయి మారినంతనే దానితో రైతునకు సంబంధము తీరిపోవును. బేరమన నింతియే యని నేను చిన్ననాట నమ్మియుంటిని. అయితే తూనికకు రానిదియు, కంటికి కానరానిదియు, ఎందరికమ్మినను అమ్మినవాని యొద్ద తరుగనిదియు నగు సరకొకటి నా యెరుకలోనే పుట్టి పెరిగెను. అదియే కంప్యూటరుచే పని చేయించు సాఫ్టువేరు. దాని విక్రయచరిత్రలో హైదరాబాదున పుట్టిన యొక వ్యాజ్యమునకు ముఖ్యస్థానము కలదు. ఆ వృత్తాంతమునే నేడు శ్రోతలకు మనవి చేసెదను.

తొలుత ఈ వర్తకము నమ్మకముపై నడచెను. 1982లో అమెరికాలో జిమ్ నాఫ్, ఆండ్రూ ఫ్లూగల్‌మన్ అను నిరువురు, ఒకరితో నొకరికి పరిచయము లేకయే, ఒకే మార్గమును కనుగొనిరి. తాము వ్రాసిన సాఫ్టువేరును ఎవరైనను నకలు తీసికొనవచ్చును. ఉపయోగపడినదని తోచినచో మూల్యము పంపవలెను. మరుసటి యేడు బాబ్ వాలెస్ అను నతడును ఇదే పద్ధతి నవలంబించెను. దీనికి షేర్‌వేరు అను పేరు స్థిరపడెను. 1993 డిసెంబరు 10వ తేదీన డూమ్ అను ఆట వెలువడినప్పుడు, దాని కర్తలు మొదటి భాగమును ఇంటర్నెట్టు ద్వారా ఉచితముగా నిచ్చి, తక్కిన భాగములకు వెల గైకొనిరి. మామిడిపండ్లవాడు ముక్క కోసి రుచి చూపుట మన మెరిగినదే గదా!

మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు సౌకర్యము 1995 ఆగస్టు 15న ఆరంభమయ్యెను. అంతకు మునుపును, తరువాత పెక్కేండ్లును, సాఫ్టువేరు డిస్కులలో చేరి దుకాణములలో అమ్ముడుపోవుచుండెను. ఆ కాలముననే వ్యాజ్యము పుట్టినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అను సంస్థ రెండు విధముల సాఫ్టువేరును వ్యవహరించుచుండెను. ఒకటి, ఒక్కొక్క ఖాతాదారునకు ప్రత్యేకముగా వ్రాసి యిచ్చునది. రెండవది, అందరికిని ఒకే తీరున అమ్ము తయారు సరకు. ఈ రెండవదానిపై అమ్మకపు పన్ను చెల్లింపవలెనని హైదరాబాదులోని వాణిజ్యపన్నుల అధికారి నిర్ణయించెను. 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టము ప్రకారము ఇది సరకే యని ఆయన వాదము. సరకు కాదు, బుద్ధిబలము మాత్రమే యని సంస్థవారి వాదము. కొనువాడు కోరునది డిస్కును కాదు, అందలి విద్యను; విద్యను తూచుట యెట్లు?

1996లో పన్నుల ట్రిబ్యునలును, ఆపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ప్రభుత్వపక్షముననే తీర్పు చెప్పినవి. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరెను. 2004 నవంబరు 5వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాభిప్రాయముతో దీనిని సరకుగానే తేల్చెను. పుస్తకమునకు విలువ కాగితమువలన రాదు. చిత్రమునకు విలువ గుడ్డవలన రాదు. అయినను అవి అమ్ముడుపోవు వస్తువులే. ఈ ప్రసంగమును మీ యింటికి తెచ్చు విద్యుచ్ఛక్తిని చేతితో పట్టజాలము. దానిని సయితము 1968లోనే సుప్రీంకోర్టు సరకుగా నంగీకరించెను. ఉపయోగము గలదై, కొనుటకును, అమ్ముటకును, ఒకచోటినుండి మరియొకచోటికి పంపుటకును, నిలువ చేయుటకును వీలైనది సరకే. ప్రత్యేకముగా వ్రాసి యిచ్చు సాఫ్టువేరు విషయమున మాత్రము న్యాయస్థానము అభిప్రాయము చెప్పక విడిచెను.

సరకైనచో కొన్నవానికి సొంతము కావలెను గదా! నా యనుభవ మొకటి చెప్పుదును. ఆ దినములలో నేను తెలుగు టైపు చేయుటకై యొక సాఫ్టువేరు కొంటిని. దానితోపాటు కంప్యూటరు వెనుక తగిలించు చిన్న తాళపు బిళ్ల యొకటి యిచ్చిరి. మా తండ్రిగారు చెప్పిన ఊరి ముచ్చట్లను అందులో వ్రాసికొంటిని. కొన్నేండ్లకు కంప్యూటరు మార్చగా, ఆ బిళ్లను తగిలించు చోటే కొత్తదానిలో లేదు. తెరచి చూడగా తండ్రిగారి మాటలకు బదులు అర్థము లేని ఆంగ్లాక్షరములు కనబడెను. వెల యిచ్చిన డిస్కు నాదే. అక్షరములు మాత్రము నావి కాకపోయెను. తుదకు ఔత్సాహికు లెవరో ఇంటర్నెట్టున నుంచిన మార్పిడి సాధనమును దింపుకొని, పలుదినములు తప్పులు దిద్దుకొని, వానిని యూనికోడులోనికి తెచ్చుకొంటిని.

క్రమముగా డిస్కు మాయమయ్యెను. 2008 జూలై 10న ఆపిల్ సంస్థ తన యాప్ దుకాణమును తెరచి, అమ్మకములలో నూటికి 30 వంతులు తాను గైకొనసాగెను. 2021 నుండి చిన్న వర్తకులకు ఆ భాగమును 15కు తగ్గించెను. కూరగాయల అంగడిలో దళారి కమీషను ఎరిగిన మా రైతులకు ఇది వింతగా తోచదు. గిడ్డంగి లేకయే, బండి కట్టకయే, పల్లెలోని యువకుడు సముద్రముల కావలివారికి సరకు నమ్మగలుగుట మాత్రము నిజముగా గొప్ప మార్పు.

ఇక చట్టముకూడ మాట మార్చెను. 2017 జూలై 1న అమలునకు వచ్చిన సమీకృత వస్తుసేవల పన్ను చట్టము, ఇంటర్నెట్టు ద్వారా అందించు సాఫ్టువేరును ఆన్‌లైను సేవలలో పేర్కొనెను. 2021 మార్చి 2న సుప్రీంకోర్టు, పన్నుల తగాదా నొకదానిని తీర్చుచు, సాఫ్టువేరు కొన్నవానికి దక్కునది నకలును వాడుకొను అనుమతియే గాని, దాని గ్రంథస్వామ్యము కాదని స్పష్టపరచెను. డిస్కులో నున్నప్పుడు సరకనిపించుకొన్నది, తీగ వెంట వచ్చునప్పటికి సేవ యయ్యెను. సరకు పాడైనను మన యింటనే యుండును. సేవ అందించువాడు మానినంతనే ఆగిపోవును.

కావున ఈ వర్తకమునకు పూనుకొను యువకులకు నా మనవి యొకటి కలదు. మీ దుకాణము మూతపడిన మరునాడు, కొన్నవాడు తాను వ్రాసికొన్నదానిని చదువుకొనగలడా? అమ్మకమునకు ముందే ఈ ప్రశ్నకు జవాబు వ్రాసి చూపుడు. కొనువారును దానిని అడిగియే వెల చెల్లింపవలెను. మా యూరి సంతలో తూకము సరిచూచుకొని గాని ఎవరును పైకము తీయరు.