వీలునామాలు చెప్పిన వంశకథ

అమెరికా దక్షిణప్రాంతమైన వర్జీనియాలో వలసపాలన నాటి కుటుంబాల వంశక్రమాన్ని నిర్ణయించడానికి వీలునామాలు, ఆస్తి జాబితాలు ముఖ్యాధారాలు. ప్రథమాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ కుటుంబమే ఇందుకు నిదర్శనం.

1757లో డేనియల్ పార్క్ కస్టిస్ అనే భూస్వామి వీలునామా వ్రాయకుండానే మరణించాడు. చట్టానుసారం అతని భూములలోను, బానిసలలోను మూడవ వంతుపై భార్య మార్తాకు జీవితకాల హక్కు మాత్రమే సంక్రమించింది. ఆమె తదనంతరం ఆ భాగం కస్టిస్ వారసులకే చెందుతుంది. 1759లో మార్తా వాషింగ్టన్‌ను వివాహమాడింది.

1799 జూలై 9న వ్రాసిన వీలునామాలో, మార్తా మరణానంతరం తన సొంత బానిసలకు విముక్తి కలగాలని వాషింగ్టన్ నిర్దేశించాడు. ఆ సంవత్సరపు జాబితాలో మౌంట్ వెర్నన్ క్షేత్రంలోని 317 మంది బానిసలు నమోదైనారు. వారిలో ఆయన సొంతమైనవారు 123 మంది. కస్టిస్ ఎస్టేటుకు చెందినవారు 153 మంది. ఈ రెండు వర్గాలవారు పరస్పరం వివాహాలు చేసుకొని ఒకే కుటుంబాలుగా జీవిస్తున్నారు.

1801 జనవరి 1న మార్తా మొదటి వర్గానికి ముందుగానే విముక్తి కలిగించింది. 1802లో ఆమె మరణించగా రెండవ వర్గం నలుగురు మనుమలు, మనుమరాండ్ర మధ్య పంపకమైంది. బిడ్డలకు తల్లి స్థితియే వర్తించేది గనుక, తండ్రి స్వతంత్రుడైనా బిడ్డలు బానిసలుగానే మిగిలిన ఇండ్లున్నాయి.

యజమాని ఆస్తిని లెక్కించడానికి వ్రాసిన ఆ జాబితాలో పేర్లు, వయస్సులు, భార్యాభర్తల వివరాలు ఉన్నాయి. తమ చరిత్రను తాము వ్రాసుకొనే అవకాశం లేనివారి సంతతికి నేడు పూర్వీకులను చూపుతున్నది ఆ లెక్కల కాగితమే.